పదమూడు తర్వాత పదహారు

బైండింగు షాపు వెనకగది,
మంగళవారం, వాన వెలిసిన పూట

చిట్టి టీచరమ్మకు బాబాయి దీవెనలు.

నువ్వు పంపిన బొమ్మల పుస్తకం బాగుచేసి ఈ పార్సెలులో తిప్పి పంపుతున్నాను. వచ్చినప్పుడు దాని అవతారం చూసి, ఇది రోగియా, శవమా అని కాసేపు ఆలోచనలో పడ్డాను. వెన్ను విరిగింది. అట్ట ఒకటి ఉంది, రెండోది ఉన్నట్టు సాక్ష్యం మాత్రమే ఉంది. తొమ్మిది చోట్ల జిడ్డు వేళ్ల ముద్రలు. వీటన్నిటికీ మించి, చివరి పేజీల మధ్య ఒక పాలపన్ను దొరికింది. యాభై ఏళ్లకు పైగా పుస్తకాలు కుడుతున్నాను. వాటిలో ఎండిన పూలు చూశాను, ప్రేమలేఖలు చూశాను, ఒకసారి చచ్చిన బల్లినీ చూశాను. పన్ను ఇదే మొదలు. చిన్న కవరులో పెట్టాను, హక్కుదారు ఉంటే అప్పగించు.

ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోనులో మాట తడబడితే అవతలివాళ్లకి తెలిసిపోతుంది. ఉత్తరంలో అయితే కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. పైగా నేను బడి మొహం చూడనివాణ్ణి. అక్షరాలు నేర్చుకున్నది సర్కారు కచేరీ రిజిస్టర్లు కుడుతూ కుడుతూనే. అందుకే ప్రేమగా నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నా అది దరఖాస్తులా తయారవుతుంది. నాలుగు రాస్తే నలభై వస్తాయి కదా, ఏదో రకంగా సరిపోతుందిలే.

పుస్తకం చదివాను. చెరకుతోటలో బానిసలుగా పడి ఉన్న తల్లి, ఇద్దరు పిల్లలు, ఏరు దాటి పారిపోవడం... బొమ్మలు గీసినవాడి చెయ్యి మంచిది. కానీ అమ్మడూ, అడక్కుండా ఉండలేకపోతున్నాను. ఏడేళ్ల పిల్లలకి సంకెళ్లూ కొరడాలూ అవసరమా? కోతికీ మొసలికీ స్నేహం కుదిరిందని చెబితే చాలదూ?

అన్నయ్యని అడిగానని చెప్పు. బస్టాండులో బస్సుల వేళలు చెప్పే మైకు వదిలి పన్నెండేళ్లయినా, ఇంట్లో ఇంకా మూడో నంబరు బస్సు బయల్దేరుతున్నట్టే మాట్లాడుతున్నాడా? నన్ను మాత్రం రమ్మని రాయకు. షాపు వదిలి ఎలా వస్తాను?

బాబాయి

*

రెండో తరగతి గది,
గురువారం, అన్నాల బెల్లు తర్వాత

బాబాయ్,

పార్సెలు అందిన వారానికి జవాబు రాస్తున్నాను. పన్ను హక్కుదారు దొరికింది. మా క్లాసులో పిచ్చుక అని ఒక పిల్ల ఉంది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా పనికి రాదు. "మంచి చోట దాచుకున్నా టీచర్, ఎవరు తీశారు?" అని నన్నే దబాయించింది.

పుస్తకం ఎంత ముద్దుగా కుట్టావో! పిల్లలు వంతులేసుకుని వాసన చూశారు. ఇన్నాళ్లూ పెట్టె అడుగున ముక్కలై పడి ఉండేది కాబట్టి, నేను గానీ వీళ్లు గానీ దీన్ని వరసగా చదవడం ఇదే మొదలు.

ఇక నీ ప్రశ్న. మొదటిరోజు "బానిస అంటే ఎవరు?" అని వీళ్లే అడిగారు. ఒక మనిషిని ఇంకో మనిషి "ఇది నాది" అనడం అని చెప్పాను. వెంటనే ఒకడు లేచి, "మా అమ్మ కూడా నన్ను నాది అంటుందిగా!" అన్నాడు. "మీ అమ్మ నిన్ను నాది అంటే, నువ్వు కూడా అమ్మని నాది అనొచ్చు కదా. అక్కడ అలా తిరిగి అనడానికి వీల్లేదు," అన్నాను. ఇద్దరు ముగ్గురు "నాది, నాది" అని పెదాలు కదిపి చూసుకున్నారు. కోతీ మొసలీ ఉన్నాయి సరే బాబాయ్, కానీ వీళ్లు ఆలోచిస్తుంటే ఆ గది ఎలా ఉంటుందో నువ్వు చూడాలి.

ఇప్పుడు అసలు సంగతి. కథలో తల్లి, అన్న, చెల్లి ముగ్గురూ పదమూడో పేజీ దాకా ఉన్నారు. ఏటి ఒడ్డున చిన్న పడవ ఉంది. పేజీ తిప్పితే పడవలో తల్లీ చెల్లీ మాత్రమే ఉన్నారు. అన్న లేడు. పిచ్చుక చెయ్యెత్తి, "అన్న ఏడి?" అంది. నేనూ పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను. చివరి పేజీలో అవతలి ఒడ్డు జనం లాంతర్లు పట్టుకుని పడవల్లో వెనక్కి బయల్దేరతారు. ఎవరి కోసం? పిల్లలకి అంతుపట్టలేదు. వీళ్లు ఈమధ్యే నూరు దాకా లెక్క నేర్చారు, అంకె కనబడితే వదలరు. అందరూ కలిసి పేజీలు లెక్కపెట్టి, పదమూడు తర్వాత పదహారు ఉందని తేల్చారు.

పిచ్చుక వాళ్ల అన్న కిందటి నెలనుంచి దూరాన హాస్టల్లో ఉంటున్నాడు. ఈ పిల్ల ఇంటికెళ్లి కథలో అన్న బొమ్మని చిన్న చిన్న కాగితాల మీద గీసి తెచ్చి, మిగతా పేజీలన్నిటిలో ఒక్కొక్కటి పెట్టింది. చెట్టు వెనక ఒకటి, నీళ్లలో తల మాత్రం పైకి ఒకటి. "వీళ్లు మర్చిపోయారు టీచర్, నేను తెచ్చాను" అంది. అప్పట్నుంచి కథ చదువుదామంటే చెవులు మూసుకుంటోంది.

ఆ తల్లి కొడుకుని మర్చిపోయి వెళ్లిందని కొందరు పిల్లలు ఇంట్లో చెప్పారట. ఒకావిడ వచ్చి పెద్ద మేడమ్‌తో గొడవపడింది. పెద్ద మేడమ్ చెడ్డది కాదు. "కథకి అర్థం ఉంటే ఉంచు, లేకపోతే వచ్చే శనివారం తర్వాత బీరువాలో పెట్టెయ్" అంది. నువ్వు విప్పి కుట్టావు కదా. ఆ రెండు పేజీలు నీ దగ్గరేమైనా ఉండిపోయాయా?

నాన్న బాగానే ఉన్నాడు. కంటి ఆపరేషను తర్వాత అక్షరాలు ఇంకా ఆనడం లేదు. నువ్వు మా ఇంటికొచ్చి పదకొండేళ్లయిందని మాత్రం లెక్క మర్చిపోలేదు.

నీ టీచరమ్మ

*

బైండింగు షాపు,
శుక్రవారం

చిట్టి టీచరమ్మకు,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పేజీల సంగతి నాకేం తెలుసమ్మా? అది అచ్చాఫీసువాళ్ల నిర్వాకం అయ్యుంటుంది. అచ్చాఫీసుల్లో ఎంతటి ఘోరాలు జరుగుతాయో నీకు తెలీదు. ఒకసారి నా దగ్గరికి వచ్చిన వైద్యం పుస్తకంలో సగం నుంచి వడ్రంగం మొదలైంది. ఆ పుస్తకం చూసి ఎవరైనా ఎముకలు అతికించి ఉంటే, మేకులు కొట్టి ఉంటారు.

మా గురువుగారు అయితే ఇలాంటివి సహించేవాడు కాదు. నీకు ఆయన సంగతి ఎప్పుడైనా చెప్పానా? ఈ షాపు అరుగు మీద పడుకున్న నన్ను లేపి, "ఎవరి పిల్లాడివి?" అని ఒక్కసారి అడిగాడు. నేను చెప్పలేదు. ఆయన రెండోసారి అడగలేదు. చేతికి జిగురు గిన్నె ఇచ్చి కలపమన్నాడు. అంతే, ఉద్యోగం. ఆయన నేర్పిన మొదటి పాఠం కూడా జిగురు గురించే. "ఒరేయ్, డబ్బా గమ్ము ముట్టుకోకు. అంటించింది మళ్లీ ఊడదు. మైదా ఉడికించి కలుపుకో, ఆవిరి తగిలితే మర్యాదగా వదిలేస్తుంది. పుస్తకానికి మనం చేసింది, తర్వాత వచ్చినవాడు విప్పుకునేలా ఉండాలి. మనమే ఆఖరివాళ్లం కాదు." ఈనాటికీ నా షాపులో డబ్బా గమ్ము లేదు.

ఏమిటో, ఎక్కడో మొదలెట్టి ఎక్కడికో వచ్చాను. ఆ పుస్తకం బీరువాలో పెట్టేస్తే మాత్రం ఏం మునిగింది? వేరే పుస్తకాలు లేవా? కావాలంటే కుందేలు పుస్తకం ఒకటి ఉంది, ఉచితంగా కుట్టి పంపిస్తాను.

బాబాయి

*

ఇల్లు, వంటగది బల్ల,
ఆదివారం

బాబాయ్,

కుందేలు పుస్తకం నీ దగ్గరే ఉంచుకో.

నీ ఉత్తరంలో జిగురు గురించి చదువుతుంటే చెయ్యి దానంతటదే పుస్తకం వైపు వెళ్లింది. పదమూడో పేజీ ఉన్న కాగితం వేళ్ల మధ్య రుద్ది చూశాను. లావుగా ఉంది, రెండు కాగితాలంత. కెటిల్ పెట్టి ఆవిరి పట్టాను. ఐదు నిమిషాలకి, మీ గురువుగారు చెప్పినట్టే, మర్యాదగా వదిలేసింది. పద్నాలుగూ పదిహేనూ ఒకదానికొకటి ముఖాముఖి అంటించి ఉన్నాయి. అంచుల్లో ఒక్క చోట కూడా జిగురు బయటికి రాలేదు. అంత శుభ్రంగా చెయ్యగలిగినవాణ్ణి నాకు ఒక్కణ్ణే తెలుసు.

రెండు పేజీల నిండా ఒకే బొమ్మ. గుడిసె లోపల ఆ అన్న ఒక్కడే ఉన్నాడు. దీపం ముందు అటూ ఇటూ కదులుతూ గోడ మీద మూడు నీడలు పడేలా చేస్తున్నాడు, కాపలావాడు బయటినుంచి చూస్తే ముగ్గురూ లోపలే ఉన్నారనుకునేలా. కింద, బయల్దేరేముందు చెల్లెలితో వాడన్న మాటలున్నాయి. "పడవలో ఇద్దరికే చోటు. నువ్వు అవతలికి వెళ్లి మన సంగతి చెప్పు. అందాకా నేనిక్కడ ముగ్గురిలా ఉంటాను."

పుస్తకంలోకల్లా మంచి పేజీ ఇది బాబాయ్. దీన్నే ఎందుకు మూసేశావు? పిల్లలు భయపడతారనా? ఇందులో కొరడా కూడా లేదే!

ఇంకో సంగతి. నాన్నకి ఆ బొమ్మ చూపించాను. మసగ్గా కనబడిందేమో, చదివి వినిపించమన్నాడు. వినిపించాను. పేజీని వేళ్లతో తడిమాడు. తర్వాత, "నీడలెందుకు, గొంతు చాలు" అన్నాడు. చిన్నప్పుడు నాకు కథలు చెప్పేటప్పుడు నాన్న రెండు గొంతులు పెట్టేవాడు, ఒకటి బొంగురు, ఒకటి సన్నం. ఆ సన్న గొంతుతో "ఆఁ" అని ఒక్కసారి పలికి వరండాలోకి వెళ్లిపోయాడు. ఏంటి నాన్నా అంటే, "మీ బాబాయిని అడుగు, అది వాడి కథ" అన్నాడు.

అడుగుతున్నాను.

నీ అమ్మడు

*

బైండింగు షాపు వెనకగది,
మంగళవారం

అమ్మడూ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలెట్టి చింపేశాను. ఇది నాలుగోది.

నాకు ఎనిమిదేళ్లు, అన్నయ్యకి పన్నెండు. మీ తాత పోయాక ఒకాయన వచ్చి పిల్లలిద్దర్నీ పట్నంలో బడిలో వేస్తానని మీ నాయనమ్మని నమ్మించి తీసుకెళ్లాడు. దింపింది ఇటుకబట్టీలో. అప్పట్నుంచి బడి అంటే నాకు కొంచెం అనుమానం, ఏమీ అనుకోకు. చుట్టూ ముళ్లకంచె, గేటుకి తాళం. అక్కడ మేం పిల్లలం పదకొండుమంది. మాకు జీతం లేదు, సెలవు లేదు, ఎప్పుడు వదుల్తారో అడగడానికి లేదు. నువ్వు క్లాసులో చెప్పావే, "నాది" అని, అదే మేము.

పొద్దు గూకే వేళ మేస్త్రీ లెక్క తీసేవాడు. లేచి వచ్చి చూసే ఓపిక ఆయనకి లేదు. మంచం మీద కూర్చునే ఒక్కో పేరు పిలిచేవాడు. మేం పాకలోనుంచి "ఆఁ" అని పలకాలి. పలికితే ఉన్నట్టు.

అన్నయ్య పని లారీకి ఇటుకలు పేర్చడం. ఒకరోజు బరువు మధ్యలో ఒక గూడు వదిలి చుట్టూ పేర్చాడు. కాళ్లు ముడుచుకుంటే ఒక్క పిల్లాడు పట్టేంత గూడు. నన్ను అందులో కూర్చోబెట్టి, "పట్నంలో దిగగానే, కనబడిన మొదటి పెద్దమనిషికి మా సంగతి చెప్పు. పదిమందిమి ఉన్నామని చెప్పు. నీ మీదే ఉంది" అన్నాడు. పైన ఇటుకలు కప్పేశాడు. ఆ సాయంత్రం లెక్కలో తన పేరుకి తన గొంతుతో, నా పేరుకి నా గొంతుతో పలికాడు. అలా మూడు సాయంత్రాలు. నాలుగోనాడు మేస్త్రీ స్వయంగా వచ్చాడు. మీ నాన్న ఎడమచేతి చిటికెనవేలు వంకర ఉంటుంది చూడు. బస్సు తలుపులో పడిందని నీకు చెప్పాడుగా. బస్సు కాదు.

ఇంతవరకూ ఇద్దరికీ తెలుసు. నాకొక్కడికే తెలిసింది ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఎవరికీ చెప్పలేదు.

గురువుగారు "ఎవరి పిల్లాడివి?" అని అడిగాడని రాశానే, అప్పుడు చెప్పాల్సింది. ఆయన మంచివాడు, చెబితే వెళ్లేవాడు. చెబితే నన్ను పట్టుకెళ్లి మళ్లీ అక్కడ దింపుతారని భయం. ఈరోజు కాదు, రేపు చెబుదాం అనుకున్నాను. జిగురు కలుపుతూ రెండేళ్లు అనుకున్నాను. చివరికి ఎవరో అధికారులు వచ్చి బట్టీ మూయించారు, నా ప్రమేయం లేదు. అన్నయ్య వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు. "చెప్పావా?" అన్నాడు. "చెప్పాను, ఎవరూ వినలేదు" అన్నాను.

అరవై ఏళ్లుగా ఆ అబద్ధం అలాగే ఉంది. నేను రాకపోవడానికి షాపు కారణం కాదు తల్లీ. మీ ఇంట్లో కూర్చుంటే అన్నయ్య తన పళ్లెంలోది తీసి నాకు వడ్డిస్తాడు. ఆ వంకర వేలు నా కళ్లముందే తిరుగుతుంటే నాకు ముద్ద దిగదు.

నువ్వు పంపిన పుస్తకంలో చివరి పేజీ చూశావుగా. ఆ చెల్లెలు దిగగానే చెప్పింది. ఆరేళ్ల పిల్ల చెప్పింది! పడవలు బయల్దేరాయి. ఆ పేజీని ఏం చెయ్యలేక, అన్న ఉన్న పేజీని మూసేశాను. అన్న ఎవరికీ కనబడకపోతే, వెళ్లి తెమ్మని ఎవరూ అడగరు కదా. పేజీలకి అంకెలుంటాయని ఇంత అనుభవం ఉన్నవాడికి తట్టలేదు చూడు. అయినా చేతిలో ఉన్నది మైదా జిగురే. ఎందుకో మరి.

ఈ ఉత్తరం అన్నయ్యకి చదివి వినిపించు. నా ఎదుట వినకూడదనే ఇలా రాస్తున్నాను. ఏమన్నా అననీ. పుస్తకం మాత్రం బీరువాలో పెట్టనివ్వకు.

బాబాయి

*

ఇల్లు,
శనివారం సాయంత్రం

బాబాయ్,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. నాన్నని కూర్చోబెట్టి చదివాను. చివరిదాకా కదలకుండా విని, మళ్లీ చదవమన్నాడు. రెండోసారి అయ్యాక నవ్వాడు. తర్వాత అన్నమాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, సొంత కవిత్వం లేదు.

"పిచ్చి సన్నాసి! వాడు చెప్పలేదని నాకు ఆరోజే తెలుసు. అబద్ధం చెప్పేటప్పుడు చొక్కా గుండీ తిప్పుతాడు. ఆరోజు తిప్పి తిప్పి గుండీ ఊడగొట్టుకున్నాడు."

"మరి కోపం రాలేదా నాన్నా?"

"రాకేం? బట్టీలో మొదటి చలికాలం, ఎవరూ రాకపోయేసరికి బాగా వచ్చింది. తర్వాత పోయింది. ఎనిమిదేళ్ల గుంటడి మాట ఎవడు వింటాడే? నేను వాణ్ణి పంపింది చెప్పడానికి కాదు, వెళ్లడానికి. నన్నొదిలి లారీ ఎక్కమంటే ఎక్కితేనా! నా చొక్కా పట్టుకుని వేలాడాడు. ఎంత చెప్పినా వదల్లేదు. ఏదో ఒక పని అప్పజెప్తే గానీ కదలడని, 'నువ్వెళ్లి చెప్పాలిరా, నీ మీదే ఉంది' అన్నాను. అప్పుడు వదిలాడు. ఆ మాట లారీ ఎక్కించడానికే. ఇన్నేళ్లు మోయమని కాదు."

నేను ఊరుకోలేక, "రెండేళ్లు బాబాయి కబురు కూడా లేకుండా ఎలా ఉన్నావు?" అని అడిగాను.

"కబురెందుకు లేదు? రోజూ సాయంత్రం మేస్త్రీ లెక్క తీసేవాడుగా. అందులో వాడి పేరు ఉండేది కాదు. అంటే దొరకలేదన్నమాట. రోజుకో ఉత్తరం వచ్చినట్టే."

ఇది చెప్పి, మంచినీళ్లు తాగి, శనివారం బడికి తనూ వస్తానన్నాడు.

ఇవాళ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. పెద్ద మేడమ్ వెనక గోడకి ఆనుకుని నిలబడింది. గొడవపడిన ఆవిడ కూడా వచ్చి మేడమ్ పక్కనే నిలబడింది. హాజరు వేస్తున్నాను. జ్వరంతో ఒకడు రాలేదు. వాడి పేరు పిలవగానే సన్నగా "ఆఁ" అని వినబడింది. పిల్లలు అటూ ఇటూ చూశారు. మళ్లీ పిలిచాను, మళ్లీ "ఆఁ". ముసలాయన మూతి ముడుచుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. గది గోల గోల అయిపోయింది. ఆ గోల సద్దుమణిగాక, "నేను ఇలాగే మా తమ్ముడి కోసం పలికాను" అని మొదలుపెట్టాడు. బట్టీ గురించి చెప్పాడు, దెబ్బల దగ్గర రెండు మాటల్లో దాటేశాడు, వేలు చూపించాడు. తర్వాత నేను పద్నాలుగూ పదిహేనూ తెరిచి చదివాను. ఎవరూ చెవులు మూసుకోలేదు.

పిచ్చుక లేచి, "మీ తమ్ముడు ఏడి?" అంది.

"పుస్తకాలు కుడుతున్నాడు. ఇదిగో, ఈ పుస్తకం వెన్ను వాడు కుట్టిందే" అన్నాడు నాన్న. ముప్ఫై ఒక్కమంది వరసగా వచ్చి నీ కుట్టుని వేలితో తడిమి వెళ్లారు బాబాయ్. పిచ్చుక తన కాగితాలన్నీ ఏరి తీసేసుకుంది. "ఇంక అక్కర్లేదు టీచర్, అన్న ఎక్కడున్నాడో తెలిసిందిగా" అంది. ఒక్కటి మాత్రం చివరి పడవలో ఉంచేసింది. తిరిగొచ్చేటప్పుడు కావాలట.

గొడవపడిన ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. పుస్తకం బీరువాలోకి పోలేదు. కిటికీ పక్క అరలో ఉంది, పిల్లలకి అందే ఎత్తులో.

అయితే పిచ్చుక ఇంకో ప్రశ్న అడిగింది. "తమ్ముడు బాగానే ఉంటే మీ దగ్గరికి ఎందుకు రాడు?" బస్టాండంతా దద్దరిల్లేలా మాట్లాడిన మనిషి, గొడుగు పిడిని అటూ ఇటూ తిప్పాడు. నా వైపు చూశాడు. నేను నీ వైపు చూస్తున్నాను.

నీ అమ్మడు

*

షాపు అరుగు మీదనుంచి,
మంగళవారం, తాళం వేశాక

అమ్మడూ,

ఈసారి ఉత్తరం చిన్నది. సంచి సర్దేశాను. అందులో ఒక జత బట్టలు, సూది, దారం, ఒక డబ్బా మైదా ఉన్నాయి. మీ క్లాసులో మిగతా పుస్తకాల వెన్నులు ఎలా ఉన్నాయో నాకు తెలుసు. తలుపు మీద "యజమాని ఊళ్లో లేడు" అని రాసిపెట్టాను. యాభై ఏళ్లకి పైగా అందరి పుస్తకాలకీ అట్ట బోర్డులు అంటించాను గానీ, నా తలుపుకి ఇదే మొదటిది. నాకే చూడముచ్చటగా ఉంది.

అన్నయ్యతో ఒక్క మాట చెప్పు. అరవై ఏళ్ల కిందట చెప్పాల్సింది ఆయనకే చెబుతాను, ఎదురుగా కూర్చుని. ఈసారి గుండీల్లేని చొక్కా వేసుకొస్తున్నాను.

శుక్రవారం పొద్దున్న బస్సు దిగుతాను. నువ్వు హాజరు వేసేటప్పుడు, చివర్లో నా పేరు కూడా పిలువు. నా బదులు ఎవర్నీ పలకొద్దని చెప్పు. నేనే పలుకుతాను.

బాబాయి